పిల్లల్ని పట్టుకెళ్లడానికి మేం రాము: అపోహలు - వాస్తవాలు

జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో పనిచేస్తాను. మేము వీధిలోకి అడుగుపెట్టగానే పిల్లల్ని లోపలికి తోసి తలుపేసుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

అపోహ: పిల్లల సాయం కోసం ఉన్న హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే పిల్లాణ్ణి తీసుకుపోయి హోమ్‌లో పడేస్తారు.

వాస్తవం: 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం హోమ్ అనేది చిట్టచివరి దారి. ఆసరా లేని బిడ్డ మా దృష్టికి వస్తే, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లాలి. నిర్ణయం మాది కాదు, ఆ కమిటీది. ఇంట్లో ఎవరున్నారు, అమ్మమ్మ ఉందా, మేనమామ చూసుకుంటాడా అని ముందు ఆరా తీస్తారు. ఇల్లే ప్రమాదమైతే అది వేరే సంగతి.

అపోహ: పెంచలేకపోతే పిల్లల్లేని వాళ్లకి బాండ్ పేపర్ మీద రాసిచ్చేస్తే సరి.

వాస్తవం: సరి కాదు. హిందూ దత్తత చట్టం ఉన్నా దానికీ షరతులున్నాయి. బాండ్ పేపర్ ఒక్కటే దత్తత అయిపోదు. డబ్బు చేతులు మారితే అది అమ్మకమే, ఐదేళ్ల దాకా కఠిన శిక్ష. మధ్యవర్తులు ఈ ముక్క మాత్రం చెప్పరు. నిజంగా పెంచలేని తల్లి కమిటీకే బిడ్డను అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువు కూడా ఉంది.

అపోహ: సర్కారు సాయం తల్లీతండ్రీ ఇద్దరూ లేని పిల్లలకే.

వాస్తవం: భర్త పోయిన తల్లి పిల్లలకు, భర్త వదిలేసిన తల్లి పిల్లలకు, తల్లో తండ్రో పెద్ద జబ్బుతో మంచాన పడ్డ ఇళ్లకు కూడా మిషన్ వాత్సల్య అనే బాలల పరిరక్షణ పథకం కింద స్పాన్సర్‌షిప్, అంటే బిడ్డను ఇంట్లోనే పెంచుకోవడానికి డబ్బు సాయం, ఉంది. నెలకు 4,000 రూపాయలు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, మిగతాచోట్ల 96,000 దాటకూడదు. దరఖాస్తు పెట్టిన మర్నాడే డబ్బు పడదు. విచారణ, స్పాన్సర్‌షిప్ మంజూరు చేసే కమిటీ ఆమోదం, నిధులు అన్నీ కుదరాలి.

ఒక అమ్మమ్మ ఇంటికి విచారణకు వెళ్తే మనవడు మంచం కింద దాక్కున్నాడు, కాళ్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. "పట్టుకెళ్లకండమ్మా, గంజి తాగైనా పెంచుకుంటాను" అని నా చేతులు పట్టుకుంది. డబ్బులు ఇప్పించడానికి వచ్చామని నమ్మించేసరికి సాయంత్రమైంది. అప్పుడు ట్రంకు పెట్టె తెరిచింది. ఆధార్ ఉంది, రేషన్ కార్డు ఉంది, బడి సర్టిఫికెట్ ఉంది. అల్లుడి మరణ ధ్రువీకరణ పత్రం లేదు.

అతను పనికి వెళ్లిన ఊళ్లో పోయాడు. చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలి, సొంతూరి పంచాయతీకి ఆ పత్రం ఇచ్చే వీలు లేదు. 21 రోజుల్లో చెబితే సులువుగా అయిపోయే పని. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. అప్పటికి రెండేళ్లయింది. ఆ ఒక్క కాగితం కోసం ఆవిడా నేనూ నాలుగు నెలలు తిరిగాం.