"ఎంసీబీ ఉంది గదా అన్నా, ఇంకేం భయం": గీజర్ అపోహలు - వాస్తవాలు

దసరా పోయి కార్తీకం చలి మొదలైందంటే నా ఫోను ఆగదు, హన్మకొండలో అందరికీ గీజర్ అప్పుడే గుర్తొస్తది. బిగించడానికి పోయిన ప్రతి ఇంట్లో ఒకటే అడుగుతా, ఆర్సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) ఉందా అని. చాలామంది చెప్పే జవాబు కూడా ఒకటే, "ఎంసీబీ ఉంది గదా అన్నా". ఎంసీబీ అంటే లోడ్ ఎక్కువైతే దానంతట అదే ఆగిపోయే స్విచ్. పదిహేనేళ్ళ నుంచి ఈ మాట విని విని విసుగొచ్చి ఇది రాస్తున్నా.

అపోహ: ఎంసీబీ ఉంటే షాక్ కొట్టదు.

వాస్తవం: ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. లోడ్ ఎక్కువైనా షార్ట్ అయినా వైరు కాలకుండా కరెంటు కట్ చేసి పడిపోవడం, అంతే దాని డ్యూటీ. మీ 25 లీటర్ల గీజర్ 2000 వాట్లదైతే 9 ఆంప్స్ కూడా లాగదు. దానికి పెట్టే ఎంసీబీ 16 ఆంప్స్, అంటే 16,000 మిల్లీ ఆంప్స్ దాటితే గాని కదలదు. తడి ఒంటి మీద మనిషి ప్రాణం పోవడానికి 100 మిల్లీ ఆంప్స్ చాలు. మనిషి అక్కడ గిలగిలా కొట్టుకుంటుంటే ఎంసీబీకి మాత్రం ఇంట్లో ఇంకో చిన్న బల్బు వేసినట్టే లెక్క.

ఆర్సీసీబీ సంగతి వేరే. ఫేజ్‌లో (కరెంటు పోయే వైరులో) పోయిన కరెంటు న్యూట్రల్‌లో (తిరిగొచ్చే వైరులో) మొత్తం తిరిగొచ్చిందా లేదా అని పద్దు చూసుకుంటూ కూర్చుంటది. 30 మిల్లీ ఆంప్స్ తేడా వస్తే సెకనులో మూడో వంతు లోపే పడిపోతది. కొనేటప్పుడు దాని మీద 30 అని రాసుందో లేదో చూసుకోండి, 100, 300 అని ఉన్నవి మనిషిని కాపాడడానికి పనికిరావు, షాపులో స్టాక్ ఉన్నది అంటగడతారు.

రెండేళ్ళ కింద ఒకింట్ల ఫ్యాన్ రిపేర్‌కి పోయిన. పని అయినంక ఆ ఇంటి పెద్దమ్మ మెల్లగా దగ్గరికొచ్చి "బిడ్డా, బాత్రూంల నల్లా ముట్టుకుంటే చెయ్యి జుమ్ముమంటది, ఎవ్వరు నమ్ముతలేరు" అన్నది. ఆమెకు షుగర్ ఉంది, అవి తిమ్మిర్లే అనుకొని కొడుకు డాక్టర్‌కి చూపించి మందులు కూడా వాడిస్తున్నడు. నేను గీజర్ ఆన్ చేయించి మీటర్ ఒక కొస నల్లాకు, ఇంకో కొస కింద నీళ్ళు పోయే జాలీకి పెట్టి చూస్తే 70 వోల్టులు. కొడుకు మొహం పాలిపోయింది. గీజర్ దింపి విప్పితే కాయిల్ మీద బోరు నీళ్ళ సున్నం అట్టకట్టి, మధ్యలో ఎండిన చిక్కుడుకాయ లెక్క పగిలి ఉంది, కరెంటు డైరెక్టుగా నీళ్ళలోకే. మరి లీకైన కరెంటును భూమిలోకి పంపాల్సిన ఎర్త్ వైరు ఏమైందని ప్లగ్ బోర్డు విప్పితే పచ్చ వైరు సుబ్బరంగా మడతపెట్టి టేపు చుట్టి ఉంది, ఎక్కడికీ కలపలే. డీబీలో (ఇంటి స్విచ్‌లన్నీ ఉండే మెయిన్ బోర్డులో) మాత్రం కొత్త ఎంసీబీ తళతళలాడుతుంది. పెద్దమ్మకు రబ్బరు చెప్పులతో స్నానం చేసే అలవాటు, అదే కాపాడింది.

అపోహ: మూడు పిన్నుల ప్లగ్ ఉంది కాబట్టి ఎర్తింగ్ ఉన్నట్టే.

వాస్తవం: మూడో రంధ్రం వెనక ఏముందో బోర్డు విప్పితే గాని తెల్వది. ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలె. పని నేర్చుకునే రోజుల్లో మా ఉస్తాద్ చూపించిన పద్ధతి ఏందంటే, ఎర్త్ లేని ఇంట్లో న్యూట్రల్ నుంచి చిన్న వైరు ముక్క తీసి ఎర్త్ పిన్నుకు లూప్ కొట్టుడు. టెస్ట్ బల్బు మంచిగ వెలుగుతది, ఓనర్ ఖుష్. నేనూ మొదట్లో ఎన్ని ఇళ్ళల్లో అట్ల కొట్టిన్నో, తలుచుకుంటే ఇప్పటికీ నిద్రపట్టదు. ఆ న్యూట్రల్ వెనక ఎక్కడన్నా ఊడిందనుకోండి, గీజర్‌లో ఏ లోపం లేకున్నా 230 వోల్టులు కాయిల్ మీదుగా వచ్చి గీజర్ బాడీ మీద కూర్చుంటయి. ఇంకో దరిద్రం, గీజర్‌లో లీకైన కరెంటు ఆ లూప్ గుండా న్యూట్రల్‌కే తిరిగిపోతది కాబట్టి ఆర్సీసీబీకి కూడా తేడా కనపడదు. ఎర్త్ అంటే భూమిలో గుంత తీసి వేసిన ఎర్త్ పిట్ నుంచి వచ్చిన వైరే. నీళ్ళ పైపుకు కట్టినం అంటారు కొందరు, ఇప్పుడు పైపులన్నీ ప్లాస్టిక్కే గదా సార్.

అపోహ: ఆర్సీసీబీ ఊరికే పడిపోతుంది, పీస్ పాడైంది, తీసేయించాలె.

ఊరికే పడదు! కాపలా కుక్క మొరిగితే దాన్నే వెళ్ళగొట్టినట్టు ఉంటది ఇది. గీజర్ ఆన్ చేసినప్పుడే పడుతుందంటే కాయిల్ లీక్ అయితున్నట్టు. ఇన్వర్టర్ న్యూట్రల్, మెయిన్ న్యూట్రల్ కలిపేసినా పడతది, అది వైరింగ్‌లో తప్పు. దొరికేదాక వెతకాలె గాని బైపాస్ చేయొద్దు, చేసిచ్చే ఎలక్ట్రీషియన్‌ని మళ్ళీ ఇంటికి రానియ్యొద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తా. సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడితే గీజర్ పాడైనట్టు కాదు, వేడెక్కిన నీళ్ళు ఉబ్బుతయి, ఆ ఎక్కువైనవి బయటికి పోవాలె, ఒకాయన ఆ రంధ్రానికి ఎంసీల్ పెట్టి మూసేసిండు, అది ఇంట్ల బాంబు పెట్టుకున్నట్టే. ఆగకుండా ధార కారితే మాత్రం వాల్వ్ మార్పించాలె. ఐదు స్టార్లు ఉంటే సేఫ్టీ ఎక్కువ అనుకుంటారు, స్టార్లు కరెంటు ఆదాకే, సేఫ్టీకి ఐఎస్ఐ మార్కు చూడండి. 3000 వాట్ల ఇన్‌స్టంట్ గీజర్ 13 ఆంప్స్ లాగుతది, చిన్నదే గదా అని 6 ఆంప్స్ ప్లగ్‌లో, ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో పెడితే ప్లగ్ కరిగిపోతది. స్నానానికి ముందు స్విచ్ ఆపడం మంచిదే, ఆపండి, కానీ ఫేజ్ న్యూట్రల్ తారుమారు అయిన ఇంట్లో మామూలు స్విచ్ ఆపినా లోపల ఫేజ్ అట్లనే ఉంటది, అందుకే రెండూ కట్ చేసే డబుల్ పోల్ స్విచ్ పెట్టించుకోండి. కరెంటు భయానికి గ్యాస్ గీజర్ తెచ్చి గాలి ఆడని బాత్రూం లోపల పెట్టేవాళ్ళు ఇంకా ఘోరం, ఆ పొగకు వాసన ఉండదు, మనిషి అట్లనే పడిపోతడు.

ఇది చదివి భయపడి ఈ రాత్రే గీజర్ పీకేయకండి. నల్లా జుమ్ముమంటుందా, ఎంసీబీ దింపేసి ముట్టకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. లేదంటే డీబీ తెరిచి ఆర్సీసీబీ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే పెట్టించుకోండి, ఉంటే దాని మీద టి అనే బటన్ నెలకోసారి నొక్కండి. నొక్కితే పడాలె, పడకపోతే అది దండగ, మార్చాలె.

ఆ పెద్దమ్మకు కూడా ఇదే చెప్పిన. మొన్న రాత్రి తొమ్మిదింటికి ఫోన్. "బిడ్డా, నువ్వు చెప్పినవని బటన్ నొక్కిన, ఇల్లంత చీకటైంది, కోడలు సీరియల్ పోయిందని గులుగుతుంది." మంచిగనే పనిచేస్తుంది పెద్దమ్మా, మళ్ళ పైకి లేపు అన్న.