బూరుగు దూది దిండ్లు, పరుపులు: అపోహలు – వాస్తవాలు

దూది ఏకి పరుపులు కుట్టడం మా ఇంటి వృత్తి. నాన్నగారు విల్లుతో ఏకేవారు, నేను యంత్రం పెట్టుకున్నాను. గోదావరి తీరాన ఉన్న మా దుకాణానికి మరమ్మతుకు వచ్చే పరుపుల్లో మురికి పట్టి పాడైనవి తక్కువ, లోపల చెమ్మ చేరి పాడైనవి ఎక్కువ. ఆ చెమ్మ చాలాసార్లు శుభ్రం చేయాలన్న మంచి ఉద్దేశంతోనే లోపలికి చేరుతుంది కాబట్టి, తరచూ వినే కొన్ని నమ్మకాల గురించి రాస్తున్నాను.

అపోహ: దిండును అప్పుడప్పుడు నీళ్లలో వేసి ఉతికితేనే శుభ్రమవుతుంది.

వాస్తవం: బూరుగు దూదిని ఉతకకూడదు. దీని పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన పల్చటి మైనపు పొర ఉంటుంది. గుప్పెడు దూదిని బకెట్ నీళ్లలో అదిమిపట్టి వదిలితే వెంటనే పైకి తేలుతుంది. దిండులో నిజంగా బూరుగు దూదే ఉందా, మిల్లు వ్యర్థపు పత్తి కలిసిందా అని అడిగేవారికి నేను ఇలాగే చూపిస్తాను. కృత్రిమ నురుగు రాకముందు ఓడల్లో ప్రాణరక్షక జాకెట్లను ఈ దూదితో నింపడానికి కారణం కూడా ఈ తేలే గుణమే.

నీరు అంటనిదైతే ఉతికితే ఏమవుతుందని చాలామంది అడుగుతారు. మామూలు నీటిని ఆపే మైనపు పొర సబ్బు నీటిని ఆపలేదు. అది పోగుల మధ్యకు చొరబడితే, పల్చటి గోడలున్న ఆ పోగులు అణిగిపోయి, ఒకదానినొకటి పట్టుకుని ఉండలు కడతాయి. పై పొర ఆరినా నడిమి భాగం ఆరదు. మొన్నటి వానాకాలంలో ఒక తల్లి తన పాప దిండును తీసుకువచ్చారు. వాషింగ్ మెషిన్‌లో ఉతికి నాలుగు రోజులు ఎండలో పెట్టానని, అయినా వాసన వస్తోందని చెప్పారు. పైగుడ్డ పొడిగా గలగలలాడుతోంది. కుట్టు విప్పి చెయ్యి పెడితే నడుమ కోడిగుడ్డంత ఉండలు చల్లగా తగిలాయి, ఒకదాన్ని చీల్చి చూస్తే లోపల బూడిదరంగు బూజు కనిపించింది. ఆ దూదిలో కొంచెం కూడా దక్కలేదు.

ఉతకవలసింది గలీబులను, దుప్పట్లను మాత్రమే. దిండుకు లోపల ఒక నూలు తొడుగు, పైన ఒక గలీబు వేసి, రెండింటినీ వారానికొకసారి ఉతికితే చెమట, తలనూనె దూది దాకా పోవు. పిల్లలు పక్క తడిపినప్పుడు నీళ్లు పోయకుండా, పొడి తువ్వాలుతో గట్టిగా అద్ది, ఆ చోట కుట్టు విప్పి, తడిసిన దూదిని బయటకు తీసి, చాట మీద పల్చగా పరిచి, ఎగిరిపోకుండా పల్చటి గుడ్డ కప్పి ఎండబెట్టడమే సరైన పద్ధతి.

అపోహ: ఎండలో వేస్తే చాలు, ఎంతసేపు ఎలా వేసినా ఫరవాలేదు.

వాస్తవం: పొద్దున్నే డాబా మీద మంచు తడి ఉండగా వేస్తే అడుగు గుడ్డ ఆ తడిని పీల్చుకుంటుంది. నేల వేడెక్కాక, నులక మంచం మీద గానీ రెండు బల్లల మీద గానీ కింద గాలి ఆడేలా వేసి, నడుమ ఒకసారి తిరగేసి, సాయంత్రపు చల్లగాలి మొదలయ్యేలోపు లోపలికి తేవాలి. బూరుగు దూది ఎండకు పొంగుతుంది, ఆ సమయంలో చేత్తో తట్టి విదిలిస్తే అణిగిన చోట్లు మళ్లీ లేస్తాయి. వేడి తగ్గాకే దుప్పటి పరచాలి. రబ్బరు, నురుగు పరుపులకు మాత్రం ఎండ శత్రువు. అవి పచ్చబడి, పెళుసెక్కి, పొడిగా రాలిపోతాయి కనుక నీడలోనే గాలికి పెట్టాలి.

అపోహ: ఎండకు నల్లులు చస్తాయి.

వాస్తవం: నల్లి, దాని గుడ్లు చావాలంటే 50 డిగ్రీలకు పైబడిన వేడి నేరుగా తగలాలి. ఎండలో వేసిన పరుపు పైభాగం కాలినా, అడుగు కుట్లలో అంత వేడి పుట్టదు, నల్లులు చల్లటి పక్కకు జరిగిపోతాయి. డస్ట్ మైట్ల సంగతి వేరు. కంటికి ఆననంత చిన్నవైన ఈ జీవులు మన చర్మపు పొట్టు తింటూ, గాలిలోని చెమ్మను పీల్చుకుని బతుకుతాయి కాబట్టి పక్క పొడిగా ఉంటే పెరగలేవు. అయితే ఆయాసం, తుమ్ములు తెప్పించేది వాటి మలం. అవి చచ్చినా అది లోపలే ఉంటుంది. అందుకే ఎండిన పరుపును ఆరుబయట కర్రతో దులపాలి. ఆ పని ఉబ్బసం ఉన్నవారు చేయకూడదు. దుప్పట్లను, గలీబులను 60 డిగ్రీల వేడినీటిలో ఉతకడం మేలు.

అపోహ: కొత్త పరుపు ప్లాస్టిక్ కవరు తీయకపోతే ఎక్కువకాలం మన్నుతుంది.

వాస్తవం: రాత్రంతా ఒంటి నుంచి వచ్చే ఆవిరి బయటకు పోయే దారి ఉండాలి. కవరు తీసేయండి.

అపోహ: ఏ పరుపైనా కొన్నేళ్లకు ఏకిస్తే కొత్తదవుతుంది.

వాస్తవం: పత్తి పరుపు విషయంలో ఇది నిజం, పత్తి పోగు యంత్రపు పళ్లను తట్టుకుంటుంది. బూరుగు పోగు పొట్టిది, పెళుసైనది కనుక తునిగి పొడి అయిపోతుంది. దాన్ని చేత్తోనే విప్పి, గింజలు ఏరి, ఎండబెట్టి, తగ్గిన మేరకు కొత్త దూది కలిపి నింపాలి. యంత్రంలో వేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఈ దూదికి నిప్పు కూడా చాలా త్వరగా అంటుకుంటుంది, దోమల చుట్టను మంచం దగ్గర పెట్టకండి.

అపోహ: దాచిన పరుపుల్లో కలరా ఉండలు వేయడం క్షేమం.

వాస్తవం: ఆ ఉండల్లోని నాఫ్తలీన్ ఆవిరి దూదిలో నిలిచిపోతుంది. జీ6పీడీ లోపంతో (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) పుట్టిన పసిబిడ్డలకు ఆ ఆవిరి వల్ల ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమై తీవ్రమైన కామెర్లు రావచ్చు. బాలింత గదిలోకి అటువంటి పరుపు వెళ్లకూడదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు బాతు నూగు (ఈకల కింది మెత్తటి తూలిక) నింపిన బొంతలకు కూడా ఇదే పద్ధతా అని అడుగుతుంటారు. కాదు. నూగును తక్కువ సబ్బుతో ఉతకవచ్చు. పెద్ద డ్రైయర్‌లో తక్కువ వేడి మీద, రెండు మూడు టెన్నిస్ బంతులు వేసి, గంటల తరబడి ఆరబెట్టాలి. మధ్యమధ్య ఆపి, బొంతను వెలుతురుకు ఎత్తి చూడండి. ఎక్కడైనా నూగు ముద్దగా నల్లటి మచ్చలా కనిపిస్తే అక్కడ ఇంకా తడి ఉన్నట్టే, మళ్లీ డ్రైయర్‌లో వేయండి.