యావుండేలో తేలేది తక్కువే: బియ్యం బేరం 2014లోనే ముగిసింది

ప్రపంచ వాణిజ్య సంస్థ 14వ మంత్రుల సదస్సు 2026 మార్చి 26 నుంచి 29 వరకు కామెరూన్ రాజధాని యావుండేలో జరగాల్సి ఉంది. తేదీ దగ్గరపడేసరికి పాత ప్రశ్న మళ్లీ పైకి వచ్చింది. మద్దతు ధరకు ధాన్యం కొని నిల్వ చేసుకునే భారత్ వంటి దేశాల హక్కుకు ఈసారైనా శాశ్వత పరిష్కారం దొరుకుతుందా? ఆఖరి రాత్రి ఎవరు మెట్టు దిగుతారు?

ఈ ప్రశ్నకు ప్రతిసారీ ఆశగా జవాబు చెప్పేవాళ్లు ఉన్నారు. 2015లో నైరోబీ, 2017లో బ్యూనస్ ఏర్స్, 2022లో జెనీవా, 2024లో అబుదాబి. వీటిలో మూడు సదస్సులు గడువు దాటి సాగాయి. మంత్రులు తెల్లవార్లూ కూర్చున్నారు. బియ్యం విషయంలో మాత్రం నాలుగుసార్లూ ఉత్త చేతులే. ఇన్నిసార్లు ఒకే ఫలితం వచ్చిందంటే ఆఖరి గంటలో ఎవరో మొండికేశారని సరిపెట్టుకోలేం. కారణం 2014లో ఉంది.

అది అర్థం కావాలంటే ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధన ఒక్కటి గుర్తుంటే చాలు. వర్ధమాన దేశం ఒక పంటకు ఇచ్చే సబ్సిడీ, ఆ పంట మొత్తం విలువలో 10 శాతం దాటకూడదు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. చిక్కంతా లెక్క కట్టే పద్ధతిలో ఉంది. ప్రభుత్వం చెల్లించే మద్దతు ధరను ఇవాళ్టి అంతర్జాతీయ ధరతో కాకుండా 1986-88 నాటి ధరతో పోలుస్తారు. ఆ తేడా మొత్తాన్ని సబ్సిడీ కిందే రాస్తారు. 2013-14లో సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 1,310 రూపాయలు, 2025-26లో 2,369. ఈ మధ్యలో ఎరువు, డీజిల్, కూలీ ఎంత పెరిగాయో గోదావరి జిల్లాల్లోనో నల్లగొండలోనో ఏ రైతును అడిగినా చెబుతాడు. జెనీవాలోని ఆ సంస్థ లెక్కలో మాత్రం పాత ధర అంగుళం కదలలేదు.

2013 సెప్టెంబరులో ఆహార భద్రత చట్టం వచ్చింది. దేశ జనాభాలో మూడింట రెండొంతుల మందికి చౌక ధరకు తిండి గింజలు ఇవ్వాలంటే కొనుగోళ్లు పెరగక తప్పదు. ఆ డిసెంబరులో బాలి సదస్సుకు అప్పటి వాణిజ్య మంత్రి ఆనంద్ శర్మ ఈ బరువుతోనే వెళ్లారు. పరిమితి దాటినా నాలుగేళ్లపాటు కేసు వేయబోమని ధనిక దేశాలు అన్నాయి. ఆ తర్వాత మా గతేమిటని భారత్ అడిగింది. శాశ్వత పరిష్కారం దొరికేదాకా కేసులు ఉండవని, ఆ పరిష్కారం 2017 సదస్సు నాటికి వెతుకుదామని రాసుకున్నారు. దీన్నే శాంతి నిబంధన అంటున్నారు. అయితే 2017 నాటికి ఏదీ తేలకపోతే ఏమవుతుందన్నది మసకగానే మిగిలింది. దీనికి బదులుగా ధనిక దేశాలు కోరుకున్నది వాణిజ్య సౌలభ్య ఒప్పందం. రేవుల్లో, కస్టమ్స్‌లో సరుకు త్వరగా కదిలేలా నియమాలు పెట్టడం దాని ఉద్దేశం. దానికి మాత్రం గట్టి గడువు పెట్టారు: 2014 జూలై 31.

ఒకవైపు తేదీతో సహా కట్టుబాటు, మరోవైపు వెతుకుదామన్న మాట. ఈ అసమానతే తర్వాతి గొడవకంతా మూలం.

2014 మేలో ఢిల్లీలో ప్రభుత్వం మారింది. వాణిజ్య శాఖ నిర్మలా సీతారామన్ చేతికి వచ్చింది. అప్పుడే ఆమె ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభకు వెళ్లారు. ఆహార నిల్వల సంగతి తేలకుండా సౌలభ్య ఒప్పందానికి ఆమోదం ఇవ్వబోమని జూలైలో భారత్ చెప్పేసింది. బాలిలో ఒప్పుకున్నదాన్ని ఎవరూ చెడగొట్టరనీ, ఆఖరి రోజుకు భారత్ తగ్గుతుందనీ చాలామంది లెక్క వేశారు. జూలై 31న అమెరికా విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ ఢిల్లీలోనే ఉన్నారు. క్యూబా, వెనెజువెలా, బొలీవియా తప్ప జెనీవాలో మనవైపు గట్టిగా నిలబడినవాళ్లు లేరు. ఆ గురువారం అర్ధరాత్రి గడువు దాటింది. సంతకం జరగలేదు. దేశాల మధ్య దూరాన్ని తగ్గించలేకపోయామని సంస్థ అధిపతి రొబెర్టో అజెవేదో ప్రకటించారు.

విదేశీ పత్రికలు భారత్‌ను దోషిగా నిలబెట్టాయి. లక్ష కోట్ల డాలర్ల లాభాన్ని ఒక్క దేశం అడ్డుకుందని రాశాయి. ఢిల్లీ మాట మాత్రం సూటిగా ఉంది: మీ పని పూర్తయ్యాక మా పని మీరు పట్టించుకుంటారన్న హామీ ఏది? ఆ మాటలో నిజం ఉందని ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. నవంబరు 13న భారత్, అమెరికా రాజీ కుదిరినట్టు ప్రకటించాయి. నవంబరు 27న జెనీవాలో సభ్య దేశాలన్నీ కూర్చునే జనరల్ కౌన్సిల్ ఆమోదించింది. 2017 నాటికి శాశ్వత పరిష్కారం రాకపోయినా, వచ్చేంతవరకు శాంతి నిబంధన కొనసాగుతుందని తేల్చి రాశారు. బాలిలో మసకగా వదిలేసిన చోట ఇప్పుడు స్పష్టత వచ్చింది. ఒంటరిగా నిలబడి సాధించుకున్న విజయం అది. దాన్ని తక్కువ చేసి చూడకూడదు.

కానీ అదే రోజు, అదే సమావేశంలో సౌలభ్య ఒప్పందానికీ ఆమోదం పడింది. ధనిక దేశాలకు కావలసింది అందింది. పశువుల సంతలో పలుపుతాడు చేతికిచ్చాక ధర పెంచమంటే ఎవరు వింటారు? ఆ ఒప్పందం 2017 ఫిబ్రవరి 22న అమల్లోకి వచ్చింది. అదే డిసెంబరులో బ్యూనస్ ఏర్స్‌లో, శాశ్వత పరిష్కారానికి ఇచ్చిన గడువు ముగిసే సదస్సులోనే, అమెరికా ససేమిరా అంది. మంత్రుల ప్రకటన కూడా లేకుండా సదస్సు ముగిసింది. అప్పుడు మన వాణిజ్య మంత్రి సురేశ్ ప్రభు. ఆయన కూడా ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభ సభ్యుడు.

మన వైపునా తొందర తగ్గింది. 2018-19లో బియ్యం ఉత్పత్తి విలువ 4,367 కోట్ల డాలర్లు, ఇచ్చిన మద్దతు దాదాపు 500 కోట్ల డాలర్లు. 10 శాతం పరిమితి దాటిపోయింది. 2020లో భారత్ ఆ విషయం తానే తెలియజేసి శాంతి నిబంధనను వాడుకుంది. ఆ రక్షణను వాడుకున్న మొదటి దేశం మనదే. కొనుగోలు కేంద్రాల్లో కాంటాలు ఆగలేదు. చర్చలు విఫలమైతే వెంటనే నష్టపోయేవాళ్లు ఏ పక్షంలోనూ లేనప్పుడు, ఆఖరి రాత్రి టెన్షన్ ఎంత ఉన్నా ఒప్పందం పుట్టదు. అంచనా వేసేవాళ్లు చూడాల్సింది దీన్ని. మంత్రుల ప్రకటనల వేడిని కొలిస్తే ఏమీ తెలియదు.

ఎగుమతి దేశాల వాదన కూడా ఒకటుంది. ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం భారత్‌ది. సబ్సిడీతో కొన్న బియ్యం మార్కెట్‌ను దెబ్బతీస్తోందని వాటి ఫిర్యాదు. భారత్ సబ్సిడీని తక్కువ చేసి చూపిస్తోందని 2018లో అమెరికా సొంత లెక్కలు ఇచ్చింది. ప్రభుత్వం కొన్న ధాన్యాన్నే కాక పంట మొత్తాన్నీ అందులో కలిపేసింది. కాకినాడ రేవు నుంచి వెళ్లే బియ్యం వ్యాపారులు కొని పంపేది. దాన్నీ రేషన్ బియ్యాన్నీ ఒకే గాటన కడితే లెక్క కుదరదు.

నన్ను నిజంగా కలవరపెట్టేది వేరే. శాంతి నిబంధన 2013 డిసెంబరు 7 నాటికి ఉన్న పథకాలకే వర్తిస్తుంది. అదీ సంప్రదాయ ఆహార పంటలకే. ఆ తర్వాత కొత్తగా పెట్టే కార్యక్రమాలకు రక్షణ లేదు. 2024 ఫిబ్రవరి 26న అబుదాబి సదస్సు మొదలైన రోజే, ప్రపంచ వాణిజ్య సంస్థ నుంచి బయటకు రావాలని రైతు సంఘాల వేదిక సంయుక్త కిసాన్ మోర్చా దేశమంతటా నిరసనకు పిలుపునిచ్చింది. అన్ని పంటలకూ చట్టబద్ధ మద్దతు ధర అడుగుతున్న రైతులకు ఆ పాత తేదీ ఎంత ఇరుకో తెలుసు.

ఇప్పుడు భారత్ చేతిలో ఉన్న బలమైన తురుపుముక్క ఎలక్ట్రానిక్ ప్రసారాల మీద, అంటే ఇంటర్నెట్‌లో దేశాలు దాటే సాఫ్ట్‌వేర్, సినిమాల వంటి వాటి మీద, కస్టమ్స్ సుంకాల నిషేధం. 1998 నుంచి పొడిగిస్తూ వస్తున్నారు. అమెరికాకు అది శాశ్వతంగా కావాలి. అబుదాబిలో భారత్ మొదట వ్యతిరేకించి, చివరికి పొడిగింపుకు ఒప్పుకుంది. బదులుగా బియ్యం మీద ఏమీ రాలేదు. ఆ పొడిగింపు యావుండే సదస్సు వరకు, లేదా 2026 మార్చి 31 వరకు, ఏది ముందైతే అంతవరకే. విదేశీ పెట్టుబడుల అనుమతులను సులువు చేసే పెట్టుబడుల సౌలభ్య ఒప్పందానికీ భారత్ అడ్డు చెబుతోంది. దాని వెనక చైనా ఉంది. మన బియ్యం మీద అభ్యంతరాల్లో ముందున్న అమెరికా దాని కోసం ఏమీ వదులుకోదు.

అందుకే యావుండేలో శాశ్వత పరిష్కారం వస్తుందని నేను అనుకోవడం లేదు. సుంకాల నిషేధానికి భారత్ మళ్లీ తల ఊపితే, బదులుగా కనీసం 2013 డిసెంబరు 7 అన్న తేదీనైనా ముందుకు జరిపించుకోవాలి. కంది, పెసర, చిరుధాన్యాలకు రేపు కొత్త కొనుగోలు పథకాలు పెట్టాలంటే రాష్ట్రాలకు కావలసింది అదే.