కాలేజీ కోర్టు నుంచి ఎన్‌బీఏకి: ఆ ఆరు సెకన్లు

అమెరికాలో పురుషుల కాలేజీ బాస్కెట్‌బాల్ ఆడే జట్టు, బంతి చేతికి వచ్చిన 30 సెకన్లలోగా దాన్ని రింగుకు వేయాలి. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌బీఏలో 1954 నుంచీ ఆ గడువు 24 సెకన్లే. చూడటానికి చిన్న తేడాయే గానీ, కోచ్ చెప్పిన ఎత్తు పారనప్పుడు బంతిని వెనక్కి తెచ్చి మరో ఎత్తు మొదలుపెట్టే వ్యవధి కాలేజీ కుర్రాడికి అందులోనే దొరుకుతుంది. ఎన్‌బీఏలో ఆ వెసులుబాటు తక్కువ కాబట్టి, ఎదుటివాణ్ని ఒంటరిగా దాటి దారి చేసుకోగలవాడికి గిరాకీ ఎక్కువ.

అయితే నా దృష్టిలో అంతకన్నా పెద్ద తేడా డిఫెన్స్ నియమంలో ఉంది. ఎన్‌బీఏలో 2001-02 సీజన్ నుంచి, దగ్గర్లోని ప్రత్యర్థినెవరినీ కాయకుండా ఏ డిఫెండరూ రింగు ముందు గీతలు గీసి ఉండే ‘పెయింట్’ అనే భాగంలో మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. కాలేజీల్లో ఈ నిబంధన లేదు. సిరక్యూస్ యూనివర్సిటీ మాజీ కోచ్ జిమ్ బేహైమ్ దశాబ్దాలపాటు నమ్ముకున్న 2-3 జోన్‌లో (ఒక్కో ఆటగాణ్ని కాకుండా కోర్టులో ఒక్కో చోటును కాచే పద్ధతి) ముందు ఇద్దరు, వెనక ముగ్గురు ఉంటారు. ఆ ముగ్గురిలో నడిమివాడు రింగు దగ్గరే కాపలా కాయవచ్చు. అలా అలవాటుపడిన పొడగరి ఎన్‌బీఏకి వచ్చాక, పెయింట్‌లోంచి ఎప్పుడు బయటికి అడుగు వేయాలో, ఎప్పుడు మళ్లీ లోపలికి రావాలో మొదటి నుంచి నేర్చుకోవాలి.

షూటర్ల కష్టం వేరు. 2011లో జిమ్మర్ ఫ్రెడెట్ మ్యాచ్‌కు సగటున 28.9 పాయింట్లతో కాలేజీ ఆటగాళ్లందరిలో అగ్రస్థానంలో నిలిచి, డ్రాఫ్టులో (ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే పద్ధతి) పదోవాడిగా ఎంపికైనా, ఎన్‌బీఏలో కుదురుకోలేకపోయాడు. అప్పట్లో కాలేజీ త్రీ పాయింట్ గీత (దాని అవతలి నుంచి వేస్తే మూడు పాయింట్లు) రింగుకు 20 అడుగుల 9 అంగుళాల దూరంలో ఉండేది. ఎన్‌బీఏలో అది, మూలల్లో తప్ప, 23 అడుగుల 9 అంగుళాలు. ఫ్రీ త్రో దూరం మాత్రం రెండుచోట్లా 15 అడుగులే, అడ్డుకునేవాడూ ఉండడు. కాబట్టి చేతి నిలకడను అంచనా వేయడానికి అది నమ్మదగిన కొలమానం.

నాలుగేళ్లు కాలేజీలో ఉన్నవారు వెనకబడతారనే మాటను మాత్రం జాగ్రత్తగా తీసుకోవాలి. 2006 డ్రాఫ్ట్ నుంచి అమెరికా కుర్రాళ్లు హైస్కూలు ముగిశాక కనీసం ఏడాది ఆగాల్సి వస్తోంది. మేటి ఆటగాళ్లలో చాలామంది ఆ ఏడాది కాలేజీలో ఆడి ఎన్‌బీఏకి వెళ్లిపోతారు గనుక, మిగిలినవారి ఫలితాలు చూసి కాలేజీని తప్పుపట్టలేం. వేక్ ఫారెస్ట్‌లో నాలుగేళ్లూ ఆడిన టిమ్ డంకన్ 1997లో మొదటి ఎంపిక.

కాలేజీ గడప తొక్కని నికోలా యోకిచ్ సెర్బియా క్లబ్బులో పెద్దవాళ్లతో తలపడుతూ, 24 సెకన్ల గడియారం కిందే ఎదిగాడు. 2014లో 41వ ఎంపికైన అతనికి పెయింట్‌లోని మూడు సెకన్ల లెక్క మాత్రం కొత్తే, ఎందుకంటే అంతర్జాతీయ నిబంధనల్లోనూ డిఫెండర్‌కు ఆ కట్టడి లేదు.