గడపకాడి మేక

చిన్నీ, బబ్లూ,

మీ ఉత్తరం అందింది. "బతుకమ్మ పేర్చేటప్పుడు మా దోస్తు ఒక్క తంగేడు పువ్వు ముట్టుకున్నా నల్లా కాడికి ఉరుకుతది తాతా. కణుపులు పగిలి నెత్తురొస్తున్నా సబ్బు ఇడవది. పిచ్చా?" అని అడిగిండ్రు. కాదు బిడ్డా. ఆ మాట మళ్లెప్పుడూ అనొద్దు. దాన్ని ఓసీడీ అంటరు, అంటే వద్దన్నా వచ్చే ఆలోచన, దాన్ని అణచడానికి చేసిందే చేసుడు. నూటికి ఒకరిద్దరికి వచ్చే జబ్బే. చానామందికి మీ ఈడులోనో, కాలేజీ ఈడులోనో మొదలైతది.

నా చిన్నప్పుడు పరకాల దగ్గర మా ఊళ్లో పక్కింటోళ్ల మేక మా గడపకాడికొచ్చి అరిచేది. నోరు మూయించడానికి బాపమ్మ పిడికెడు తౌడేసేది. అరుపు ఆగేది. తెల్లారి ఇంకా ముందే వచ్చేది. కొన్నాళ్లకు పొద్దుగాల, అన్నం యాళ్లకు, మాపటికి, మూడు పూటలా అదే గోల. దాని చెవుల మీద తెల్ల మచ్చలుండేవి. నేనైతే చాటుగా జామాకులు కూడా పెట్టేటోణ్ని.

మీ దోస్తుకు "చేతికి మురికంటింది, అమ్మకు రోగమొస్తది" అనే ఆలోచన పిలవకుండానే వస్తది. కడుక్కుంటే కాసేపు నిమ్మళం. ఆ నిమ్మళమే తౌడు. రుచి మరిగిన ఆలోచన మళ్లీ వస్తది. కొందరు తాళం పదేపదే లాగి చూస్తరు, కొందరు లెక్కపెడుతరు. పాడు ఆలోచన ఎవరికైనా వస్తది. వచ్చినంత మాత్రాన మనం పాడువాళ్లం కాము.

తౌడు ఆపిన్నాడు ఆ మేక ఎంత అరిచిందో! తలుపును కొమ్ములతో పొడిచింది. బాపమ్మ కొట్టలేదు, కసరలేదు, చాటలో బియ్యం ఏరుకుంట కూసుంది. అరిచి అరిచి అదే పోయింది. డాక్టర్లు నేర్పేదీ ఇదే. భయపడేదాన్ని కొంచెం కొంచెంగా ముట్టుకొని, కడుక్కోకుండా, భయం తనంతట దిగేదాకా ఓర్చుకోవాలె. 1966లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు లండన్‌లో ఈ దారి చూపిండు. ఫ్లూఓక్సెటిన్, సెర్ట్రాలిన్ వంటి మందులూ ఉన్నై. అవి మేకను తరమవు, అరుపు తగ్గిస్తయి. గుణం పూర్తిగా తెలిసేసరికి రెండు మూడు నెలలు పడుతది, మధ్యల ఆపొద్దు. ఆ మేక తర్వాత కూడా అప్పుడప్పుడు తొంగి చూసేది. చూడనియ్యాలె.

వాళ్లమ్మకు చెప్పండి: వరంగల్ ఎంజీఎం దవాఖానల మానసిక వైద్యులుంటరు. మనసు బాధల కోసం సర్కారు పెట్టిన 14416 నంబరుకు ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడుతరు. ఇక మీరు చేసేది ఒకటుంది. "నా చేతులు మంచిగనే ఉన్నయా?" అని ఆ పిల్ల పదిసార్లు అడిగితే పదిసార్లు ఉన్నయనొద్దు, అదీ తౌడే. "భయమైతుందా? నేనిక్కడే ఉంట" అనండి. అని, పక్కనే కూసోండి.

మీ తాత