ఉన్ని బొమ్మకు బిగువు ఎక్కడి నుంచి వస్తుంది?

నీడిల్ ఫెల్టింగ్ బొమ్మకు, అంటే ముళ్ల సూదితో ఉన్నిని పొడిచి పొడిచి చేసిన బొమ్మకు, నూగు లేచినా, చెవులు వాలినా అందరూ ముందు వెతికేది పైన కొట్టే స్ప్రే కోసమే. ఈ పూతల అలవాటు ఫెల్ట్ టోపీల నుంచి, అంటే నారలను చిక్కుబరిచి దట్టం చేసిన గుడ్డ టోపీల నుంచి వచ్చింది. అయితే టోపీలవాళ్లు చేసిన పనిలో సగమే మనదాకా చేరింది.

టోపీ అంచు నిలబడటానికి మొదట్లో జంతు జిగురు వాడేవారు. వానకు అది నాని అంచు వేలాడేది. తర్వాత లక్క వచ్చింది. దాన్ని స్పిరిట్‌ (ఆల్కహాల్)లోనో, వెలిగారం కలిపిన వేడినీళ్లలోనో కరిగించి పట్టించేవారు. కానీ అప్పటికే ఆ ఫెల్ట్ వేడినీళ్లలో నలిగి, కుంచించుకుపోయి, అట్టలా దట్టంగా ఉండేది. లక్క దాని లోపలికి ఇంకేది.

మన సూది దారి వేరు. సబ్బునీళ్లకు అల్లుకోని నారలను కూడా చాపలా కలపడానికి 19వ శతాబ్దంలో యంత్రాలకు ముళ్ల సూదులు బిగించారు. 1980ల ఆరంభంలో అమెరికాలో స్టాన్‌వుడ్ దంపతులు ఆ సూదిని చేతిపనికి తెచ్చారు. ఇందులో నీళ్లు లేవు, కుంచించుకుపోవడం లేదు. లోపలి బిగువంతా పొడిచే చేతిదే. లోపల దూదిలా ఉన్న బొమ్మకు స్ప్రే కొడితే పైన పెంకు కడుతుంది. వేలితో నొక్కగానే పగులుతుంది.

అందుకే ముందు బొటనవేలితో నొక్కి చూడాలి. గుంట పడి అలాగే ఉంటే 38 నంబరు సూదితో లోతుగా పొడవాలి, ఆపై 40 లేదా 42తో పైపైన (నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం). లేచిన నూగును కత్తెరతో కత్తిరించాలి. చాలా బొమ్మలకు ఇంతకు మించి అక్కర్లేదు.

చెవులు, రెక్కలు, టోపీ అంచుల్లాంటి పలుచటి భాగాలకే జిగురు. ఉన్ని పోగుపై సహజంగా కొవ్వు పొర ఉంటుంది, అందుకే నీళ్ల జిగురు చుక్క ఇంకకుండా ముత్యంలా నిలుస్తుంది. ఒక వంతు ఫెవికాల్ లాంటి తెల్ల పీవీఏ జిగురుకు రెండు వంతుల నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపితే ఇంకుతుంది. కనిపించని వైపు నుంచి బ్రష్‌తో పట్టించి, వేళ్లతో అదిమి, ప్లాస్టిక్ కప్పిన ఫోమ్‌పై పిన్నులతో ఆకారం నిలిపి, ఒక రోజు ఆరనివ్వాలి. ముదురు రంగు ఉన్నిపై తెల్లటి మసక రావచ్చు, ముందు ముక్కపై పరీక్షించాలి.

లక్క వాడితే లీటరు స్పిరిట్‌కు 100 గ్రాములు. గాలి ఆడేచోట, మంటకు దూరంగా. తెల్ల ఉన్ని పసుపెక్కుతుంది. నెలల తరబడి నిల్వ ఉన్న ద్రావణం సరిగా ఆరదు, జిగటగానే ఉండిపోతుంది. గంజి మాత్రం వద్దు, పురుగును పిలుస్తుంది. ఉన్నిని తినే పురుగుకు ఏ పూతా మందు కాదు. పూత పడని చోటు ఒక్కటి దొరికితే దానికి చాలు.