బరువు తగ్గలేదంటే బాగున్నట్టేనా? డయాలసిస్‌పై అపోహలు – వాస్తవాలు

ఏళ్ల తరబడి డయాలసిస్‌లో ఉన్నవారికి ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా గుండె, రక్తనాళాల జబ్బులే. దానికి తోడు కండ కరిగిపోయి మనిషి బలహీనపడతాడు. కిడ్నీ డాక్టర్‌గా, పేషెంట్ల ఇళ్లలోవాళ్ల నోట తరచూ వినే మాటల గురించి రాస్తున్నాను.

అపోహ: “బరువు తగ్గలేదు కదా డాక్టర్‌గారూ, బాగానే ఉన్నట్టే.”

వాస్తవం: నాకు అన్నింటికన్నా భయం వేసేది ఈ మాటకే. ఆ బరువులో కండ ఎంతో, నీరు ఎంతో బరువు చూసే మిషన్ చెప్పదు. సరిగ్గా తినక రెండు కిలోల కండ కరిగి, రెండు లీటర్ల నీరు చేరితే అంకె మారదు. పాత డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువు) వరకే నీరు తీస్తూ పోతే మిగిలిన నీటి భారమంతా గుండె మీద పడుతుంది. బీపీ పెరుగుతుంది, పడుకుంటే ఆయాసం వస్తుంది. అందుకే చొక్కా భుజాల దగ్గర వదులైందా, తొడలు సన్నబడ్డాయా, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలుగుతున్నారా అని గమనించండి. తేడా కనిపిస్తే డ్రై వెయిట్ మళ్లీ చూడమని అడగండి.

అపోహ: “కిడ్నీ జబ్బుకి గుడ్డు, చికెన్ ముట్టకూడదు.”

వాస్తవం: ప్రొటీన్ తగ్గించమనేది డయాలసిస్ మొదలవకముందు. మొదలయ్యాక పెంచాలి, ఎందుకంటే ప్రతి డయాలసిస్‌లో ప్రొటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాలు కొన్ని గ్రాములు బయటికి పోతాయి. కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 60–72 గ్రాములు. పాత డైట్ చీటీ పట్టుకుని చప్పిడి అన్నంతో గడిపేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

అపోహ: “ఒకేసారి నాలుగైదు లీటర్లు తీసేస్తే సరిపోతుంది.”

వాస్తవం: డయాలసిస్ మిషన్ నీరు తీసేది రక్తంలోంచి. ఒంట్లోని నీరు రక్తంలోకి చేరేలోపే లాగేస్తే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, గుండెకే రక్తం చాలదు. సాధారణంగా గంటకు, కిలో బరువుకు 13 మి.లీ. దాటకుండా చూస్తాం. అంటే 60 కిలోల మనిషికి నాలుగు గంటల్లో సుమారు 3 లీటర్లు. దాహం పెంచేది ఉప్పు, కాబట్టి ముందు ఆవకాయ, అప్పడాలు తగ్గించాలి. ‘లో సోడియం’ ఉప్పు మాత్రం వద్దు. అందులో పొటాషియం ఉంటుంది, అది పెరిగితే గుండె లయ తప్పుతుంది.

అపోహ: “కాళ్ల నొప్పులు డయాలసిస్‌లో మామూలే.”

వాస్తవం: అన్నీ కావు. నడిస్తే పిక్క నొప్పి పుట్టి, ఆగితే తగ్గుతోందంటే కాలికి రక్తం సరిగ్గా అందకపోవడం వల్ల కావచ్చు. రక్తంలో ఫాస్ఫరస్ అదుపులో లేకపోతే రక్తనాళాల గోడల్లో కాల్షియం పేరుకుని అవి గట్టిపడతాయి. షుగర్ కూడా ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. గట్టిపడిన నాళాల వల్ల, కాలికి రక్తం సరిగ్గా అందకపోయినా చీలమండ దగ్గర తీసే బీపీ పరీక్ష నార్మల్‌గా కనిపించవచ్చు. అప్పుడు బొటనవేలి దగ్గర ప్రెషర్ చూడాలి. రోజూ పాదాలు, వేళ్ల సందులు చూసుకోండి. వేలు నల్లబడితే ఆ రోజే రండి.

అపోహ: “రెస్ట్ తీసుకుంటేనే ఓపిక వస్తుంది.”

వాస్తవం: డయాలసిస్ అయిన పూట పడుకోండి, తప్పులేదు. మిగతా రోజులూ మంచానికే పరిమితమైతే ఉన్న కండ కూడా పోతుంది. ఇటలీలో జరిగి, 2017లో వెలువడిన ఎక్సైట్ అధ్యయనంలో పేషెంట్లను డయాలసిస్ లేని రోజుల్లో ఇంటి దగ్గరే పది నిమిషాల చొప్పున రెండుసార్లు నడిపించారు. ఆరు నెలలకు వాళ్లు ఆరు నిమిషాల్లో నడవగలిగే దూరం పెరిగింది, కుర్చీలోంచి లేవడం సులువైంది. మొదట వరండాలో ఐదు నిమిషాలు చాలు. ఛాతీ నొప్పి, ఆయాసం, పాదంలో పుండు ఉంటే మాత్రం ముందు చూపించుకుని, ఆ తర్వాతే మొదలుపెట్టండి.